వద్దు అనే బలం: మధ్యతరగతి భయం, ఢిల్లీ రాజకీయం

(ఉద్యోగులు, ఉపాధ్యాయులు, పెన్షనర్లు ఎక్కువగా హాజరైన ఒక సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను ఆర్థికశాస్త్రం చెప్పినవాడిగా పరిచయం చేశారు. దాంతో ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు అప్పుడే గోడ గడియారం వైపు చూశారు. భయపడకండి, గ్రాఫులేవీ తేలేదు. ఒక రాత్రి జరిగిన సంగతితో మొదలుపెడతాను.

2021 మార్చి 31. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజు. ఆ సాయంత్రం కేంద్ర ఆర్థిక శాఖ చిన్న మొత్తాల పొదుపు పథకాలపై వడ్డీ తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పీపీఎఫ్ మీద 7.1 శాతం ఉన్నది 6.4 శాతం అయింది. పోస్టాఫీసు పొదుపు ఖాతా మీద 4 శాతం ఉన్నది మూడున్నర అయింది. వయోవృద్ధుల పథకం, ఆడపిల్లల సుకన్య సమృద్ధి, అన్నింటికీ కోత పడింది. వార్త టీవీల్లో వచ్చింది, ఫోన్లు మోగాయి, వాట్సాప్ గ్రూపులు రాత్రంతా మేలుకున్నాయి. తెల్లవారి ఎనిమిది గంటల లోపే ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ట్విట్టర్‌లో ప్రకటించారు: ఆ ఉత్తర్వు పొరపాటున వెలువడింది, వెనక్కి తీసుకుంటున్నాం అని.

కేంద్ర ప్రభుత్వం అన్ని పథకాల వడ్డీ రేట్లనూ పట్టిక వేసి, సంతకం పెట్టి, పొరపాటున విడుదల చేసిందట! నమ్మేవారు నమ్మవచ్చు. నాకు తెలిసింది ఏమిటంటే ఆ ఏప్రిల్ 1వ తేదీన పశ్చిమ బెంగాల్‌లో రెండో విడత పోలింగ్ ఉంది. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ పోటీ చేసిన నందిగ్రామ్ కూడా అందులోనే. చిన్న మొత్తాల పొదుపులో దేశంలో ముందు వరుసలో ఉండే రాష్ట్రం బెంగాల్.

ఒక్క రాత్రిలో కేంద్ర ప్రభుత్వం మెడ వంచగలిగిన వర్గం బలహీనమైనదా? కాదు. మరి అంత బలమున్న వర్గం ఎందుకింత భయంగా బతుకుతోంది? పిల్లవాడి ఇంటర్ ఫీజు, ఫ్లాటు వాయిదా, అమ్మకు మోకాలి ఆపరేషన్, ఈ మూడూ ఒకే ఏడాది వచ్చాయంటే కుదేలయ్యే కుటుంబాలు ఈ హాలులోనే ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఈ బలం, ఈ భయం రెండూ ఒకే ఇంట్లో ఎలా ఉంటున్నాయన్నదే ఇవాళ నా విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు దాన్ని చీల్చి చెండాడవచ్చు. మన మధ్యతరగతికి వద్దు అనగలిగే బలం ఉంది. ఇది కావాలి అని అడిగి కట్టించుకునే బలం లేదు. ఉన్నదాని మీద చెయ్యి పడితే ప్రభుత్వాలను కదిలిస్తుంది. లేనిదాన్ని సాధించుకోవడానికి మాత్రం ఒక్కటిగా నిలబడదు. ఢిల్లీలో ఏ పార్టీ కూర్చున్నా ఈ లక్షణాన్ని బాగా చదువుకుంది.

కొంచెం వెనక్కి వెళదాం. 1973 చివర్లో అరబ్ దేశాలు చమురు బిగించాయి, ధరలు ఏడాదికి 20 శాతానికి పైగా పెరిగాయి. ఆ డిసెంబరులో అహ్మదాబాద్‌లోని ఎల్.డి. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మెస్ బిల్లు 20 శాతం పెంచారు. విద్యార్థులు గొడవ చేశారు. మెస్ బిల్లు! అక్కడ మొదలైన నవనిర్మాణ్ ఉద్యమం 1974 ఫిబ్రవరిలో గుజరాత్ ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్‌ను దించింది, మార్చిలో శాసనసభను రద్దు చేయించింది. ఆ నిప్పే బిహార్‌కు పాకి జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమమైంది. మే నెలలో రైల్వే సమ్మె. జులైలో కేంద్రం ఇంకొక పని చేసింది, అది ఇవాళ చాలామందికి గుర్తు లేదు. ఉద్యోగులకు పెరిగే డీఏలో సగం చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్‌గా పట్టుకుంది. ఉద్యోగి డీఏ మీద చెయ్యి వేసిన ప్రభుత్వం ఎంత తెగించి ఉంటుందో ఇక్కడున్నవారికి నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చింది. జులై 1న ఇందిరా గాంధీ ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రకటించారు. భూసంస్కరణలు, వెట్టిచాకిరీ రద్దు, గ్రామీణ రుణాలు, ఇవన్నీ మనకు గుర్తున్నాయి. అందులో మధ్యతరగతికి కూడా ఒకటుంది: ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితిని 6,000 నుంచి 8,000 రూపాయలకు పెంచడం. ప్రజాస్వామ్యం మొత్తం తాళం వేసిన వారంలోనే గుమాస్తాకు రెండు వేల మినహాయింపు! ఆఫీసులకు అందరూ టైముకు వస్తున్నారు, రైళ్లు వేళకు నడుస్తున్నాయి అని మెచ్చుకున్నవాళ్లు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. మన సంగతి మరీ విచిత్రం. 1977లో ఉత్తరాది అంతా ఇందిరను ఓడిస్తే ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే జనతా తరఫున గెలిచారు. కాబట్టి భయం ఉన్నంత మాత్రాన అది అన్నిచోట్లా ఒకే పెట్టెలో ఓటుగా పడుతుందని అనుకోకండి.

ఇక మన కాలానికి వద్దాం. ఈ పదేళ్లలో మధ్యతరగతి పొదుపు మీద చెయ్యి వేయబోయి కేంద్రం వెనక్కి తగ్గిన సందర్భాలు చూడండి. 2016 బడ్జెట్‌లో, ఈపీఎఫ్ నుంచి తీసుకునే సొమ్ములో 60 శాతం మీద పన్ను అన్నారు. ఫిబ్రవరి 29న ప్రకటన, మార్చి 8న ఉపసంహరణ. అదే ఏడాది ఏప్రిల్‌లో పీఎఫ్ సొమ్ము వెనక్కి తీసుకోవడంపై ఆంక్షలు పెడితే బెంగళూరు గార్మెంటు ఫ్యాక్టరీల ఆడవాళ్లు వేలమంది రోడ్డెక్కారు. వాళ్లను మనం మధ్యతరగతి అనము. నెలకు ఏడెనిమిది వేల జీతం. కానీ ఆంక్షలను రద్దు చేయించినది వాళ్లు. ఆ ఫలితం ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లకు కూడా అందింది.

2017లో ఎఫ్ఆర్‌డీఐ బిల్లు వచ్చింది. బ్యాంకు మునిగే పరిస్థితి వస్తే డిపాజిటర్ల సొమ్ములోంచి కూడా నష్టం సర్దవచ్చు అనే అర్థం వచ్చే నిబంధన అందులో ఉంది. నోట్ల రద్దు జరిగి ఏడాదైనా కాలేదు. బ్యాంకులో డబ్బు మనది కాదట అనే మాట ఊరూరా తిరిగింది. 2018 ఏప్రిల్‌లో తెలుగు రాష్ట్రాల్లో ఏటీఎంలు ఖాళీ అయినప్పుడు, జనం డిపాజిట్లు తీసి ఇంట్లో పెట్టుకోవడం కూడా అందుకొక కారణమని చాలామంది అన్నారు. ఆగస్టులో బిల్లును ఉపసంహరించుకున్నారు. 1993 నుంచి లక్ష రూపాయల దగ్గర కదలకుండా ఉన్న డిపాజిట్ బీమా పరిమితి 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలైంది. అదైనా ఊరికే కాలేదు. అంతకు ముందు సెప్టెంబరులో ముంబైలో ఒక సహకార బ్యాంకు ఖాతాదారులు ఆరు నెలల పాటు వెయ్యి రూపాయలకు మించి తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆంక్ష పెట్టింది. ఆ క్యూల్లో నిలబడి ఏడ్చిన ముసలివాళ్లను దేశమంతా టీవీలో చూసింది.

ఇవన్నీ విజయాలే, నేను కాదనను. కానీ ఒక్కొక్కటీ పరీక్షగా చూడండి. అన్నీ ఆపినవే. డిపాజిట్ బీమా పెంపు ఒక్కటే కొత్తగా తెచ్చుకున్నది. దానికీ ఒక బ్యాంకు మునగవలసి వచ్చింది.

ఇప్పుడు పెన్షన్ గురించి మాట్లాడతాను. ఈ సభలో ఈ మాట దాటేసి వెళితే నన్ను ఇంటికి వెళ్లనివ్వరు.

కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ పోయింది. అంతకు ముందు చేరినవాడికి చివరి జీతంలో సగం, దాని మీద డీఏ, తర్వాత భార్యకు ఫ్యామిలీ పెన్షన్. తర్వాత చేరినవాడికి జీతంలో పది శాతం కోత, ప్రభుత్వ వాటా, రెండూ కలిపి మార్కెట్లో. మన దగ్గర దాని పేరే సీపీఎస్. ఆగస్టు 31న చేరిన మాస్టారికీ సెప్టెంబరు 1న చేరిన మాస్టారికీ మధ్య ఒక్క రోజు తేడా. ఒకే స్టాఫ్‌రూమ్, ఒకే సిలబస్, ఇద్దరి ముసలితనాలు మాత్రం వేరు. ఆ రోజు వీధుల్లోకి ఎవరూ ఎందుకు రాలేదు? ఎందుకంటే నష్టపోయినవాళ్లు ఇంకా ఉద్యోగంలో చేరలేదు. అప్పటికే ఉన్నవాళ్లకు ఏమీ పోలేదు. మీలో పెద్దవాళ్లకు ఈ మాట ఇబ్బందిగా ఉంటుంది. అయినా అనక తప్పదు. మన సంఘాలు ఆ రోజు మన పెన్షన్‌ను కాపాడుకున్నాయి, రాబోయేవాళ్లది వదిలేశాయి.

పదిహేనేళ్లకు ఆ రాబోయినవాళ్లే ఎక్కువమంది అయ్యారు. అప్పుడు లెక్క మారింది. 2019 ఎన్నికలకు ముందు జగన్‌మోహన్ రెడ్డిగారు పాదయాత్రలో అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు అన్నారు. అధికారంలోకి వచ్చాక ఖజానా లెక్క కనిపించింది. 2022లో పీఆర్సీ, అంటే వేతన సవరణ, వచ్చింది. అప్పటికే ఇస్తున్న మధ్యంతర భృతి 27 శాతం, ప్రకటించిన ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, 23. ఇంటి అద్దె భత్యంలోనూ కోత. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’కు ఎన్ని ఆంక్షలు పెట్టినా, ఎన్ని బస్సులు ఆపినా, రోడ్డు పట్టనంత జనం ఎలా వచ్చారో మీలో కొందరు నాకన్నా బాగా చెప్పగలరు. 2023లో సీపీఎస్ స్థానంలో గ్యారంటీడ్ పెన్షన్ అంటూ జీపీఎస్ చట్టం చేశారు. అది ఎవరినీ సంతోషపెట్టలేదు. 2024లో 175 అసెంబ్లీ స్థానాల్లో జగన్ పార్టీకి 11 వచ్చాయి. అది మొత్తం ఉద్యోగుల ఓటే అని చెప్పేంత అమాయకుడిని కాను. ఉద్యోగి ఓటు ఒక్కటే కాదు, ఇంట్లో నాలుగు ఓట్లు, వీధిలో మరో పది మంది వినే మాట. ఆ మాట ఎటు మళ్లిందో మాత్రం స్పష్టం.

ఉత్తరాదిలో ఇదే కథ ఇంకో రకంగా నడిచింది. 2022లో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ పాత పెన్షన్‌కు తిరిగి వెళ్లాయి. ఆ ఏడాది చివర హిమాచల్ ప్రదేశ్‌లో కాంగ్రెస్ ఆ హామీతోనే పోటీ చేసి 68లో 40 గెలిచింది. ఓట్ల తేడా ఒక శాతం కూడా లేదు. ప్రభుత్వోద్యోగం లేని ఇల్లు అరుదుగా కనిపించే చిన్న రాష్ట్రంలో ఆ ఒక్క శాతం పెన్షనే అని అందరూ అనుకున్నారు. కానీ మరుసటి ఏడాది డిసెంబరులో, నిజంగా పాత పెన్షన్ ఇచ్చేసిన రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో అదే కాంగ్రెస్ ఓడిపోయింది! అందరూ దీన్ని కృతఘ్నత అన్నారు. నాకైతే అది సహజంగానే అనిపించింది. భయం తీరినవాడు భయం తీర్చినవాడికి ఓటు వేయడు, తర్వాతి భయం గురించి ఆలోచిస్తాడు.

2024 లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ 240 దగ్గర ఆగింది. మూడు నెలలు తిరగకముందే, ఆగస్టు 24న, కేంద్ర మంత్రివర్గం ఏకీకృత పెన్షన్ పథకాన్ని ఆమోదించింది. ఇరవై ఐదేళ్ల సర్వీసుకు చివరి పన్నెండు నెలల మూల వేతన సగటులో సగం హామీ, పదేళ్లు చేసినవాళ్లకు కనీసం పది వేలు, ప్రభుత్వ వాటా పద్దెనిమిదిన్నర శాతం. పాత పెన్షన్ ఇస్తే రాష్ట్రాలు దివాలా తీస్తాయని అంతవరకు పాఠం చెప్పినవాళ్లే సగం దారి వెనక్కి నడిచారు.

ఇంతవరకు చెప్పింది సంఘం ఉన్నవాళ్ల కథ. ఇప్పుడు ఇదే వీధిలో ప్రైవేటు కంపెనీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన అకౌంటెంటును తీసుకోండి. అతనికి ఈపీఎస్-95 పెన్షన్ వస్తుంది. దాని కనీస మొత్తం నెలకు వెయ్యి రూపాయలు. 2014 సెప్టెంబరులో వెయ్యి చేశారు, అక్కడే ఉంది. లెక్కకు తీసుకునే జీతం పరిమితి పదిహేను వేలు, అదీ అప్పుడే నిర్ణయించారు. ఈ పథకం పెన్షనర్లు దేశంలో సుమారు 78 లక్షల మంది. ఏడున్నర వేలు ఇవ్వండి, డీఏ కలపండి అని ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తున్నారు. ఒక రాత్రిలో వడ్డీ రేటు మారిన దేశంలో ఈ వెయ్యి ఎందుకు మారదు? వాళ్లకు ఆఫీసు లేదు, స్టాఫ్‌రూమ్ లేదు, వాళ్లు సమ్మె చేస్తే ఆగేది ఏదీ లేదు. ఇంకో మాట: మనం, అంటే ప్రభుత్వోద్యోగులం, వాళ్ల ధర్నాకు ఎప్పుడైనా వెళ్లామా?

మధ్యతరగతి అనే మాట మనం ఒక వర్గంలా వాడతాం కానీ ప్రభుత్వం దగ్గర ఒక కొలత లేదు. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే అగ్రవర్ణాల్లో ఆర్థికంగా బలహీనుడు. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణ తెచ్చి పది శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు, రెండున్నర లక్షలు దాటితే పన్ను రిటర్ను వేయాల్సి ఉండేది. అంటే ఒకే మనిషి ఒక కౌంటరు దగ్గర పేద, పక్క కౌంటరు దగ్గర పన్ను చెల్లింపుదారు. ఆ సవరణకు నేపథ్యం మరిచిపోవద్దు. 2015 ఆగస్టులో అహ్మదాబాద్‌లో పటీదార్ల సభ, 2016 జనవరి 31న మన తునిలో కాపు గర్జన, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ దహనం, ఫిబ్రవరిలో హర్యానాలో జాట్లు, ఆగస్టు నుంచి మహారాష్ట్రలో మరాఠాల మౌన ప్రదర్శనలు. వీళ్లంతా ఒకప్పుడు ఊళ్లో పదిమందికి పని ఇచ్చిన కులాలు. ఎకరాలు పంచుకోగా పంచుకోగా గజాలయ్యాయి, వ్యవసాయం మిగల్చడం మానేసింది, చదివిన పిల్లలకు ఉద్యోగం లేదు. నిజానికి అది పని కోసం కేక. రిజర్వేషన్ పేరుతో వినిపించింది. లోక్‌సభలో ఆ బిల్లుకు వ్యతిరేకంగా పడినవి మూడు ఓట్లు. ఏ పార్టీకీ కాదనే ధైర్యం లేదు. ఉద్యోగాలెన్ని ఉన్నాయి అని అడిగే ఓపిక కూడా లేకపోయింది. అదే సమయంలో రైల్వేలో 35 వేల పైచిలుకు పోస్టులకు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి.

పన్ను దగ్గరా అంతే. 2025 ఫిబ్రవరి 1న పన్నెండు లక్షల వరకు పన్ను లేదన్నారు. ఫిబ్రవరి 5న ఢిల్లీ పోలింగ్. ఉద్యోగుల కాలనీలు నిండిన ఆ నగరంలో బీజేపీ 70లో 48 గెలిచింది, ఇరవై ఏడేళ్ల తర్వాత. ఆ రాయితీ వల్ల కేంద్రం వదులుకున్నది సుమారు లక్ష కోట్లు. నాకూ కొంత మిగిలింది, తీసుకున్నాను, కాదనలేదు. కానీ ఆ మిగిలింది ఎక్కడికి వెళ్లింది? మా మనవడి స్కూలు ఫీజులోకి. వచ్చిన చేతికి తెలిసే లోపే పోయింది. 1975లో 8,000, 2025లో 12 లక్షలు. యాభై ఏళ్లలో అడగడం నేర్చుకున్నది ఇదొక్కటే అనిపిస్తుంది.

లక్ష కోట్లతో ప్రభుత్వాసుపత్రులు బాగుపడితే ఎవరికి లాభం అని అడిగితే, మనలో చాలామంది మేం అక్కడికి వెళ్లం కదా అంటారు. అసలు రోగం అక్కడుంది. బడి, ఆసుపత్రి, బస్సు, ఈ మూడింటి నుంచీ మనం ఒకరి వెనుక ఒకరం బయటికి నడిచాం. బయటికి వచ్చాక ప్రతిదీ మన జేబులోంచే. మనవాళ్లు దీన్ని పైకి రావడం అంటారు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ, ఆ మరుసటి ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాయి. లక్షల కుటుంబాలను ఆదుకున్నాయి, నేను తక్కువ చేయను. కానీ అవి కూడా ప్రైవేటు ఆసుపత్రి, ప్రైవేటు కాలేజీ గేటు దాకా ప్రభుత్వం ఇచ్చిన టికెట్టు. పక్కన ప్రభుత్వ గేటు అలాగే తుప్పు పట్టింది. తెల్ల రేషన్ కార్డు వచ్చినవాడు లోపలికి వెళ్లాడు. ఆదాయం కొంచెం ఎక్కువని కార్డు పోయినవాడు బంగారం తాకట్టు పెట్టాడు. ఆ కార్డు లేనివాడి కోపం ఎవరి మీదికి మళ్లుతుందో గమనించారా? ఫీజు వసూలు చేసినవాడి మీదికి కాదు. కార్డు ఉన్న పక్కింటివాడి మీదికి. ఉచితాల మీద మనం టీ కొట్టు దగ్గర చేసే ఉపన్యాసాలన్నీ అక్కడ పుట్టినవే. ఆ కోపాన్ని ఓటుగా మార్చుకోవడం పార్టీలకు తేలిక, ఆసుపత్రి కట్టడం కష్టం.

దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు కోవిడ్ ఏడాది జీడీపీలో 11 శాతం దాటింది. 2022–23 నాటికి అయిదు శాతం చుట్టుపక్కలకు పడిపోయింది. ఆస్తులు కొంటున్నారు కాబట్టే అని ప్రభుత్వం చెప్పింది. అందులో కొంత నిజం ఉంది. ఆ ఆస్తి పేరు ఇరవై ఏళ్ల వాయిదాల ఫ్లాటు అయినప్పుడు, దాన్ని ధైర్యం కింద జమ వేయాలా భయం కింద జమ వేయాలా అన్నది మీ ఇష్టం. ఇక అమెరికా. మన జిల్లాల్లో ఇల్లు తాకట్టు పెట్టి పిల్లవాడిని ఎంఎస్‌కు పంపడం ఒక పొదుపు పథకంలా మారింది. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు, ఆ వార్తను గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో ఎంత నిశ్శబ్దంగా విన్నారో నాకు తెలుసు. దాని మీద ధర్నా చేయడానికి ఇక్కడ ఏ కలెక్టరేటూ లేదు.

ఒక్క పథకం గురించి చెప్పి ముగిస్తాను, సమయం అయిందని చీటీ వచ్చింది. 2024 అక్టోబరు 29న డెబ్బై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల వరకు వైద్యం అన్నారు. ఆదాయ పరిమితి లేదు, రేషన్ కార్డు రంగు అడగరు, రిటైర్డ్ జడ్జి అయినా రిక్షా తొక్కినవాడైనా ఒకటే. అందులో లోపాలున్నాయి. చేర్చుకోని ఆసుపత్రులున్నాయి, బిల్లులు రాలేదని వెనక్కి పంపేవాళ్లున్నారు. అయినా ఆదాయం గీత గీయని హామీ ఇటీవలి కాలంలో నాకు కనిపించింది ఇదొక్కటే. దీని కోసం ఏ ఉద్యోగ సంఘమూ రోడ్డెక్కలేదు. వచ్చాక కూడా డెబ్బై ఎందుకు, అరవై చేయండి అని మన సంఘాల్లో అడిగినవాళ్లు నాకు కనిపించలేదు. వచ్చే నెల మీ సంఘం మహాసభ ఉందని అధ్యక్షులవారు చెప్పారు. తీర్మానాల జాబితా చూశాను. పీఆర్సీ ఉంది, బకాయి డీఏలు ఉన్నాయి, ఆదాయపు పన్ను ఉంది. అవి ఉండాలి. కానీ ఆ ఈపీఎస్ వెయ్యి రూపాయల మాట అందులో లేదు, ఈ అరవై ఏళ్ల మాట కూడా లేదు. ఇంకా ముద్రణకు వెళ్లలేదని విన్నాను.

ఇక ప్రశ్నలు అడగండి.